గుట్ట చూపింది, మనుషులు కట్టిన్రు

పొద్దున ఐదున్నరకు ఇల్లందు బస్టాండుల కొత్తగూడెం బస్సు ఎక్కినం, నేనూ నా భార్య యశోదా. చేతిల ఒక సంచి, రెండు నీళ్ల సీసాలు, నా టార్చిలైటు, ఆమె మోకాలికి రాసుకునే నూనె. ఈ ప్రయాణం మీద ఇంట్ల రెండు వారాలు కొట్లాట నడిచింది. రాళ్లు చూడనీకి అంత దూరం పోవుడేందని ఆమె మొదట మండిపడ్డది. ఎందుకు పోతున్ననో మొత్తం విన్నంక మాత్రం, "అయితె నేను గూడ వస్త. నువ్వొక్కనివే పోతె మాట పడి ఊకనే తిరిగొస్తవు" అన్నది.

సంగతి ఇది. ఫిబ్రవరిల మా ఊరి గ్రంథాలయంల ఒక సభ పెట్టిన్రు. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దసారు గోడ మీద ఫోటోలు చూపెట్టుకుంట పాతకాలపు రాతి సమాధుల గురించి చెప్పిండు. చుట్టూ నిలువు బండలు, మీద ఒక పెద్ద పలక. మా దిక్కు అడవులల్ల వాటిని రాకాసి గుళ్లంటరు. బాగనే చెప్పిండు. ఆఖరికి మాత్రం, "ఇలాంటి కట్టడానికి గొప్ప ఊహ కావాలి. ఇక్కడి అడవుల్లో తిరిగే మనుషులకు అది వచ్చే అవకాశం లేదు. బయటినుంచి వచ్చిన వాళ్లెవరో నేర్పి ఉంటారు" అన్నడు.

నేను లేచి నిలబడ్డ. "సారూ, ఆ గుట్టలల్ల పలకరాళ్లు వాటంతట అవే గూళ్ల లెక్క నిలబడి ఉంటయి. చిన్నప్పుడు గొడ్లు కాసుకుంట చూసిన. అవి చూసి ఇక్కడోళ్లే కట్టుకోని ఉండరాదా?"

"మీరు ఏం చేసేవారు?" అని అడిగిండు.

"గనిల టింబర్‌మ్యాన్‌ను. ముప్పై ఏండ్లు."

"మంచిది. కానీ ఇది పరిశోధనకు సంబంధించిన విషయం" అన్నడు. వెనక కుర్చీలల్ల కొందరు నవ్విన్రు. నేను కూసున్న. ఆ నవ్వు మాత్రం నా ఎంబడి ఇంటిదాక వచ్చింది.

టింబర్‌మ్యాన్ అంటె ఏందో తెలువనోళ్లకు చెప్త. బొగ్గు తీసినంక పైన రాతి కప్పు కూలకుండ దుంగలు నిలబెట్టేటోడు. మీద బండ, కింద కాళ్లు. నా బతుకంత అదే పని. ఆ సభల కూసున్నోళ్లందరిల ఆ పని చేతులతోని చేసినోణ్ని నేనొక్కణ్నే. నన్ను చూసే నవ్విన్రు.

బస్సుల కండక్టర్ యశోదకు ఆడోళ్లకిచ్చే ఫ్రీ జీరో టికెట్ కొట్టి, "పెద్దాయనా, నువ్వు పైసలియ్యాలె" అన్నడు. ఆమె టికెట్ మడిచి కొంగుల కట్టుకోని, కిటికీ పక్కకు జరిగి కూసున్నది. మా ముందు సీట్ల దవాఖానకు పోతున్న ఒకాయన వెనక్కి తిరిగి ఏడికని అడిగిండు. రాకాసి గుళ్లు చూడనీకన్న. "భద్రాచలం పొయ్యి దేవుణ్ని చూసొచ్చేటోళ్లను మస్తు చూసిన గని, రాకాసుల కాడికి టికెట్ కొనుక్కోని పోయేటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న" అని నవ్విండు. ఆ నవ్వుల వెటకారం లేదు. నేను గూడ నవ్విన.

ఏడు గొట్టంగ కొత్తగూడెంల దిగి ఇడ్లీ తిన్నం. ఏడున్నరకు భద్రాచలం దిక్కు పోయే బస్సు దొరికింది. పాల్వంచ దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల టేకుచెట్లు ఆకు రాల్చి బోడిగ నిలబడ్డయి. మార్చి నెల. తొమ్మిది కాకముందే బస్సు రేకు కాలుతున్నది. యశోదతోని ఒప్పందం ఏందంటె, ఆ పూట రాళ్లు, రాత్రికి భద్రాచలంల లాడ్జి, తెల్లారి రామయ్య దర్శనం. లాడ్జికి ముందే ఫోన్ చేసి రూము చెప్పి పెట్టిన.

బూర్గంపాడుల దిగి ఆటో మాట్లాడినం. అక్కణ్నుంచి మేం పోయిన గూడెం పేరు నేను రాస్తలేను. ఎందుకు రాస్తలేనో ముందుకు చదివితె తెలుస్తది. ఆటో ఆయన, "ఆ రాళ్ల కాడికా? వారం నుంచి అటు ట్రాక్టర్లు తిరుగుతున్నయి" అన్నడు. అప్పుడు నాకది పట్టలే.

గూడెం మొదట్లనే ఒక ఇంటి ముందట అరవై ఏండ్ల మనిషి తడకల మీద ఇప్పపూలు ఆరబోస్తున్నది. పేరు ముత్తమ్మ. కోయోళ్ల మనిషి. మమ్మల్ని కిందికీ మీదికీ చూసింది.

"మీరు గూడ రాళ్ల కోసమేనా?"

"చూడనీకే వచ్చినమక్కా" అన్న.

"మొన్నచ్చినోళ్లు గూడ చూడనీకే అన్నరు. చూసి ఎర్రరంగు పూసి పొయిన్రు." మళ్ల పూల దిక్కు తిరిగింది.

యశోద చెప్పులిడిచి ఆమె పక్కన కూసోని పూలల్లకెల్లి ఆకులు, పుల్లలు ఏరుడు మొదలువెట్టింది. కొద్దిసేపటికి, "ఈయనను చూసి సభల నవ్విన్రక్కా. ఆ రాళ్లు మీ తాతలే కట్టి ఉంటరన్నడని" అన్నది.

ముత్తమ్మ చేతులాపింది. "నవ్వుడెందుకు? మరెవరు కట్టిన్రంట?"

"బయటోళ్లెవరో అంట."

ఆమె లేచి ఇంట్లకు పొయ్యి కొడవలి తెచ్చుకున్నది. "నడువుండ్రి. ముందుగాల పైకి. పై ఇల్లు చూడకుంట కిందియి చూస్తె ఏం సమజైతది?"

గుట్ట ఎక్కనీకి గంట పట్టింది. ముత్తమ్మ ముందట కంప కొట్టుకుంట పోతున్నది, నేను వెనక యశోద చెయ్యి పట్టుకోని నడిపిస్తున్న. ఆమె మోకాలు నొయ్యంగ రెండుసార్లు కూసున్నం. రెండోసారి "మీరు పోండి, నేనిక్కడ్నే ఉంట" అంటదనుకున్న. అనలే.

పైన చూసింది చూసినట్టు రాస్త. ఆ గుట్టంత ఇసుకరాయి, పొరలు పొరలుగ ఉంటది. మీది పొర గట్టిది, కిందిది మెత్తది. వాన, గాలి కింది మెత్తదాన్ని తిన్నయి, మీది పలక వసారా లెక్క ముందుకు పొడుచుకోని ఉన్నది. ఒక్క కాడ నడుమల మెత్తరాయి మొత్తం పొయ్యి, రెండు పక్కల రెండు దిమ్మెలు, వెనక గోడ మిగిలినయి. వాటి మీద లారీ డబ్బా అంత పలక. మూడు దిక్కుల మూసి ఒక దిక్కు తెరిచిన ఇల్లు. లోపల నిలబడితె తల తగులది. కప్పుకు పొగ మసి. మూలకు ఒక గుంటల నీళ్లు.

"మా మాటల గూడ దీన్ని ఇల్లనే అంటం. ఇప్పపూలకొచ్చినప్పుడు వాన పట్టుకున్నది. నా పెద్దబిడ్డ దీంట్లనే పుట్టింది" అన్నది ముత్తమ్మ.

గనిల అలవాటు. చేతి కర్రతోని కప్పును తట్టి చూసిన. వదులు కప్పైతె డొల్లగ పలుకుతది, గట్టిదైతె కణకణమంటది. ఇది గంట మోగినట్టు మోగింది. ఎన్ని వానలు చూసిందో, ఇంకెన్ని చూస్తదో.

గుమ్మంల నిలబడి కిందికి చూసిన. చదునుబండ మీద, చెట్ల సందున, చిన్న చిన్న గూళ్లు. రెండు పక్కల బండలు, వెనక బండ, మీద పలక, ముందు దిక్కు తెరిచి. నేను నిలబడ్డ జాగకూ వాటికీ తేడా సైజు ఒక్కటే. కూలినవి విడిచిపెడితె, చాలామటుకు గుట్టకేసే తెరిచి ఉన్నయి. గుట్ట పక్కకు ఒకే మందంతోని ఊడిపడ్డ పలకలు కుప్పలుగ ఉన్నయి. కట్టనీకి సామాను గూడ గుట్టే ఇచ్చింది.

"బతికినన్నాళ్లు ఈ ఇల్లు కాపాడింది. సచ్చినంక గూడ గసోంటి ఇల్లే ఉండాలనుకున్నరు. గుట్టను కిందికి తేలేరు గదా. కట్టిన్రు" అన్నది ముత్తమ్మ. "ఇప్పటికీ మా వాళ్లల్ల పెద్దోళ్లు పోతె ఒక రాయి నిలబెడతం. అందరు రాకాసోళ్లు రాకాసోళ్లంటరు. రాకాసోళ్లెవరు? మా వాళ్లే."

ఇది రుజువు కాదు, నాకు తెలుసు. ఆ పెద్దసారు అడిగితె ఈ మాటతోని నిలబడలేను. అయినా అక్కడ నిలబడి చూస్తె అట్ల గాక ఇంకెట్లనో అయి ఉంటదని నా మనసుకు రాలే.

కిందికి దిగెసరికి పన్నెండు దాటింది. మీదికెల్లి కనపడనిది అప్పుడు కనపడ్డది. పెద్ద పలకలన్నిటి మీద ఎర్ర పెయింటుతోని ఇంటూ గుర్తులు. రెండు గూళ్లకు పలకలే లేవు. లోపల శవాన్ని పెట్టే రాతి తొట్లు ఎండకు తెరిచి ఉన్నయి, చుట్టు తెల్లటి కొత్త రాతిచిప్పలు. అడవిల రోడ్డు పడుతున్నదంట. దాని కల్వర్టుకు పనికొస్తయని తీసి పగలగొట్టిన్రు.

ట్రాక్టరు పక్కన కాంట్రాక్టరు మనిషి ఉన్నడు. సూపర్‌వైజర్. ముప్పై ఏండ్లుంటయి. మర్యాదగనే నమస్తే పెట్టిండు. మాటల్ల నేను గనిల చేసిన్నని తెలువంగనే ముఖం విప్పారింది.

"అయితె మీకు రాయి సంగతి తెలుస్తది సార్. పైన ఇసోంటిదే ఉన్నది, చూసిన్రా?"

"చూసిన."

"దాన్ని ఎవడు కట్టిండు? ఎవడు కట్టలే. ఇవి గూడ అట్లనే ఊడిపడ్డయి. ఈ గూడెమోళ్లు మా తాతలియి అని పని ఆపుతున్నరు. ఇవి మామూలు బండలని మీరొక్క మాట నా ఫోన్ల చెప్పుండ్రి. పెద్దమనిషి మాట, అందరు వింటరు."

సభల నేనన్నది సగం ఈయన నోట్లకెల్లే వచ్చింది. గుట్ట మీది దాని లెక్కనే కిందియి ఉన్నయని నేను గొప్పగ చెప్పిన. అదే పోలికను పట్టుకోని, కట్టినోళ్లే లేరంటున్నడు. ఆ పెద్దసారు కట్టినోళ్లను బయటికి పంపిండు, ఈయన అసలుకే లేకుండ చేస్తున్నడు. ముత్తమ్మ నా ముఖం దిక్కే చూస్తున్నది.

"లోపల చూసి చెప్త" అన్న.

టార్చి తీస్కోని ఒక గూట్లకు బోర్ల పడుకోని దూరిన. రాతి తొట్టిల వాననీళ్లు, మేకపెంటికలు. వెల్లకిల తిరిగి, నిలువుబండకు మీది పలక ఎక్కడ కూసున్నదో ఆ జాగంత వెలుగు పట్టి చూసుకుంట పొయిన. ఎడమ మూలకు ఆగిపోయిన. అక్కడ నిలువుబండ బెత్తెడు పొట్టిగ ఉన్నది. ఆ సందుల మూడు పలుచటి రాతిచిప్పలు, ఒకదాని మీద ఒకటి, బిగించి కొట్టి ఉన్నయి.

గనిల ఏ దుంగ గూడ కప్పుకు సరిగ్గ సరిపోదు. ఎంత కొలిచి కోసినా కొద్ది సందు ఉంటది. ఆ సందుల చిన్న చెక్క పెట్టి సుత్తెతోని బిగించాలె. లేకుంటె బరువంత ఒక్క దిక్కే పడి కప్పు విరుగుతది, కింద మనిషుంటె పోతడు. ఆ చెక్కలు నేను ఎన్ని కొట్టిన్నో లెక్కలేదు. ఇప్పుడు అదే పని, అదే మూలకు, రాతితోని. గుట్ట మీది ఇంట్ల ఇది లేదు. గుట్టకు దీంతోని పనిలేదు. ఊడిపడ్డ రాయి ఎట్ల పడ్డదో అట్లనే ఉంటది. కుదురుగ లేదని చూసి, కిందికి వంగి, సరైన చిప్ప ఏరుకొచ్చి పెట్టేది మనిషే.

ఆ చిప్ప మీద వేలు పెట్టిన. ఎవరో ఒకాయన ఇక్కడ్నే, నా లెక్కనే వంగి, ఊపిరి బిగబట్టి దీన్ని కొట్టిండు. ఏ భాష మాట్లాడిండో తెల్వదు. నాతోని షిఫ్టుల దిగినోడే అనిపించింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. కొద్దిసేపు బయటికి రాలే. యశోద "ఏమైందయ్యా, పాము గిట్ల ఉందా?" అని భయపడి పిలిచింది.

బయటికొచ్చి బట్టలు దులుపుకున్న. "తియ్యి నీ ఫోను" అన్న.

ఆయన సంబరంగ పట్టిండు. "నా పేరు కొమురయ్య. ఊరు ఇల్లందు. ముప్పై ఏండ్లు గనిల కప్పు కింద దుంగలు నిలబెట్టిన. ఈ పలక పడ్డది కాదు, పెట్టింది. బరువు సమంగ కూసోవాలని మూలకు చిప్పలు కొట్టి పెట్టిన్రు. పని తెలిసినోళ్లు కట్టిన్రు. ఇది తీసుడంటె ఒకరి సమాధి తొవ్వుడే" అన్న.

ఆయన ఫోన్ దించిండు. "మీకెందుకు సార్ ఇదంత? చూసిన్రు గదా, జల్దీ పోతె బస్సు దొరుకుతది. పొద్దుగాల జేసీబీ వస్తది. నా చేతుల లేదు."

ట్రాక్టరు పోయినంక నేను యశోద దిక్కు చూసిన. నేను అడుగకముందే ఆమె ఫోన్ తీసింది, సిగ్నల్ లేకపాయె. "లాడ్జోనికి రామని చెప్పుదామంటె ఇదొకటి" అన్నది.

"మరి దర్శనం?"

"రామయ్య రేపు గాకపోతె ఎల్లుండి ఉంటడు. ఈ రాళ్లు ఎల్లుండి ఉండయి."

ఆ సాయంత్రం ముత్తమ్మ ఇంటి అరుగు మీద కూసోని కాయితం రాసిన. ఏ గూట్ల ఏ మూలకు చిప్పలున్నయో, ఏ రెంటిని పగలగొట్టిన్రో అన్నీ రాసిన. పొద్దుగూకకముందే ముత్తమ్మా నేనూ మళ్ల పొయ్యి ఒక్కొక్కటే దూరి చూసొచ్చినం. నిలబడ్డ ప్రతిదాంట్ల ఏదో ఒక మూలకు చిప్పలు దొరికినయి. ఒక్కదాంట్ల మాత్రం ఎంత వెతికినా లేవు. బండ సరిగ్గ సరిపోయింది. అది గూడ ఉన్నదున్నట్టు రాసిన. సంతకం వచ్చినోళ్లు సంతకాలు, రానోళ్లు వేలిముద్రలు వేసిన్రు. గూడెంల ఒకామె మోటర్ సైకిల్ మీద రోడ్డుదాక పొయ్యి అడవి బీటు ఆఫీసరుకు ఫోన్ చేసి వచ్చింది. జొన్నగటక, ఎండుచేపల కూర తిని పడుకున్నం.

తెల్లారి ఆడోళ్లు ఇప్పపూలకు పోలే. గంపలు తీస్కోని నేరుగ రాళ్ల కాడికే వచ్చి, తలా ఒక గూటి పక్కన కూసున్నరు. ఎనిమిదికి జేసీబీ చప్పుడు ఇనిపించింది. దాని ముందట సూపర్‌వైజర్. నన్ను చూసి ఈసారి నమస్తే పెట్టలే.

"పెద్దాయనా, నువ్వు బయటోనివి. ఊరోళ్ల సంగతిల చెయ్యి పెట్టకు."

నేను నోరు తెరిచేలోపు ముత్తమ్మ లేచింది. "ఆయన మా చుట్టం. నువ్వు ఎవరి చుట్టానివి?"

ఇంజన్ ఆపలేదు, ముందుకూ రాలేదు. బకెట్ మీదికి లేపి అట్లనే నిలబెట్టిన్రు. యశోద కూసున్న గూటికి అది పది అడుగుల దూరం గూడ లేదు. ఆమె మోకాలికి నూనె రాసుకుంట కూసున్నది, తల ఎత్తలే. ఎండ ఎక్కేదాక అట్లనే నడిచింది.

తొమ్మిదిన్నరకు బీటు ఆఫీసరు బండి మీద వచ్చిండు. మా కాయితం నిలబడే చదివిండు. నా టార్చి అడిగి తీస్కోని ఒక గూట్లకు దూరిండు, యూనిఫాం మీదనే. బయటికొచ్చి సూపర్‌వైజర్‌ను పర్మిషన్ అడిగిండు. రోడ్డుకు ఉన్నది, రాళ్లకు లేదు. "అయితె రాయి ముట్టొద్దు" అన్నడు. పదింటికి జేసీబీ వెనక్కి మళ్లింది.

సూపర్‌వైజర్ పోయేముందు, "కాయితం తెస్త" అన్నడు.

"తే. చదివిపిచ్చుకుంటం" అన్నది ముత్తమ్మ.

గెలిచినమని రాయలేను. పగిలిన రెండు పలకలు తిరిగి రావు. ఆయన కాయితం తేడని ఎవరూ చెప్పలేరు. రాళ్ల కోసం ట్రాక్టర్లు తోలుకోని ఇంకొకరు రావద్దనే ఆ గూడెం పేరు రాస్తలేను. నిజంగ చూడదలుచుకున్నోళ్లు బూర్గంపాడుల దిగి అడుగుకుంట పోతె దొరుకుతది. ఎండలు ముదరకముందు పోవాలె, టార్చి ఉండాలె, మొదట గుట్ట ఎక్కాలె. గూడెమోళ్లను అడుగకుంట ఏ రాయిని గూడ ముట్టుకోవద్దు.

దర్శనం ఇంకోసారనుకోని ఇంటి దారి పడితె, ఒంటిగంటన్నరకు బూర్గంపాడుల కొత్తగూడెం బస్సు దొరికింది. పాల్వంచల ఒక తాపీ మేస్త్రి తన గంప పట్టుకోని ఎక్కి నా పక్కన కూసున్నడు. మా బట్టల మట్టి చూసి ఏం పని చేసొస్తున్నరని అడిగిండు. అంత చెప్పిన. ఆయనకు ఎవరు కట్టిన్రన్న అనుమానమే రాలే. "అంత పలకను మీదికి ఎట్ల ఎక్కిచ్చిన్రన్నా?" అన్నడు. రెండు రోజుల నుంచి నాకెవరన్న ఆ మాట అడుగుతె బాగుండుననిపిస్తున్నదని అప్పుడు తెలిసింది.

దుంగల మీద దొర్లించి ఉంటరన్న. మేస్త్రి తల ఊపి, నిలువుబండల ఎత్తుదాక మట్టి ఏటవాలుగ పోసి, దాని మీదికెల్లి దొర్లించి, తర్వాత మట్టి తీసేసి ఉంటరన్నడు. మట్టి బరువుకు నిలువుబండలు లోపలికి పడతయి గదా అన్న. "లోపల గూడ మట్టి నింపి ఉంటరు" అన్నడు. నాకది తట్టలే. ముప్పై ఏండ్ల పనిల తట్టనిది. ఆయన సీటు వెనక భాగం మీద వేలితోని గీసి చూపెడుతున్నడు, నేను చెరుపుతున్న. ముందు సీట్లోళ్లు, నిలబడ్డోళ్లు గూడ వంగి వింటున్నరు. చదువుకున్న సారు సభల చెప్పినప్పుడు ఎవరూ ఇట్ల వినలే. ఇది పని చేసేటోళ్ల ముచ్చట, అందరికి ఇంటి ముచ్చట లెక్కనే ఉన్నది.

పక్క సీట్ల ఒకామె, "అదంత సరే గని, అన్ని తట్టల మట్టి ఎవరు మోసిన్రు?" అని అడిగింది.

మేస్త్రి నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కు చూసిన.

యశోద కిటికీల కెల్లి తల తిప్పకుంటనే, "ఎవరు మోస్తరు? ఆడోళ్లే" అన్నది.